గండిపేటకు వచ్చే నీటి వెనుక కథ

గండిపేట (ఉస్మాన్ సాగర్) జలాశయం చుట్టూ ఆంక్షలు ఉండాలా, ఎత్తివేయాలా అన్న వాదన హైదరాబాద్‌లో ఏళ్లుగా నడుస్తోంది. 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. అయితే మాటంతా జలాశయం చుట్టూ పది కిలోమీటర్ల వలయంలోనే తిరుగుతోంది. దానికి నీరిచ్చే మూసీ పుట్టేది అంతకు చాలా ఎగువన, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల అడవిలో.

1908 సెప్టెంబరు వరద వేలమందిని బలిగొన్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వాన ఎంత కురిస్తే నీరెంత చేరుతుందన్నదే ఆనాటి లెక్క. బయటి ప్రపంచం అడిగిన ప్రశ్న కూడా అదే. అమెరికాలోని వాగన్ వీల్ గ్యాప్‌లో 1910 నుంచి పక్కపక్కనున్న రెండు వాగులను కొలిచారు. తర్వాత ఒకదాని పరీవాహకంలో, అంటే వాన నీరు ఆ వాగులోకి చేరే నేలలో, చెట్లు నరికి తేడా చూశారు.

నీటితో పాటు ఏమేం కొట్టుకుపోతున్నాయని పట్టుదలగా వెతికింది మాత్రం అమెరికాలోనే న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్‌లో, 1963 నుంచి. అక్కడి అడుగు రాయి నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే వానతో వచ్చిన పోషకాలనూ వాగుతో పోయినవాటినీ లెక్కకట్టగలిగారు. జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం 1965 చలికాలంలో ఒక పరీవాహకంలో చెట్లన్నీ నరికించి, మందు కొట్టి మళ్లీ మొలవనివ్వలేదు. మరుసటి ఏడాదికే వాగులో నైట్రేట్ (నీటిలో కరిగే నత్రజని రూపం) గాఢత దాదాపు 40 రెట్లయింది. పీల్చుకునే వేళ్లు లేక నేలలోని నత్రజని నీటి పాలైంది. అడవి విలువను ఇంత సూటిగా చూపిన ప్రయోగం మరొకటి లేదని నా నమ్మకం.

కానీ అది చలిదేశపు అడవి. ఉష్ణమండలంలో పల్లపు అడవులకు ఎక్కువగా భాస్వరం కొరత. కొండ ఎక్కేకొద్దీ చల్లదనానికి ఆకు కుళ్లడం మందగించి నత్రజని కొరత మొదలవుతుంది. పైగా కొమ్మల మీది నాచు పట్టుకునే పొగమంచు నీరు మామూలు వర్షమాపకానికి చిక్కదు. ఈక్వెడార్ ఆండీస్ అడవికైతే సముద్రం దాటివచ్చే సహారా ధూళి కాల్షియం అందిస్తోంది!

మన దేశంలో తొలి గట్టి పాఠం నీలగిరి కొండలది. ఊటీ దగ్గర గ్లెన్‌మార్గన్‌లో ఒక పరీవాహకపు గడ్డిభూముల్లో 1972లో యూకలిప్టస్ నాటారు. తొలి పదేళ్లలో వాగు నీరు సగటున 16 శాతం తగ్గింది, రెండో విడతలో 25 శాతం. చెట్టు పెడితే చాలు నీరు పెరుగుతుందనే వారు ఈ అంకెలు చూడాలి. ఏ చెట్టు, ఎక్కడ అన్నదే అసలు సంగతి.

అనంతగిరిది ఆకురాల్చే ఎండు అడవి. అలాంటి అడవి మీదే బందీపూర్‌లోని మూలెహొళె వాగు దగ్గర భారత, ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఏళ్లుగా పనిచేస్తున్నారు. అక్కడ చెట్ల వేళ్లు మీటర్ల లోతున మెత్తబడిన రాతిలోని తేమను సైతం తోడుకుంటాయి. మంచి వానల ఏడాది ఇంకిన నీటినే కరువు ఏడాది చెట్టు వాడుకుంటుంది. అంటే ఒక్క ఏడాది కొలతతో ఏదీ తేలదు.

పోషకాలు ఎక్కువైతే చెరువుకు ఏమవుతుందో హుస్సేన్ సాగర్ మీద గుర్రపు డెక్కను చూసిన నగరానికి వేరే చెప్పనక్కర్లేదు. భూగర్భ జలాలపై మహేశ్వరంలో ఫ్రెంచివారితో కలిసి పనిచేసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఈ ఊళ్లోనే ఉంది. తొలకరి నుంచే అనంతగిరి వాగుల్లో నీటి పరిమాణాన్నీ, నత్రజని, భాస్వరాలనూ కొలవాలి, అదీ దశాబ్దాల పాటు. గండిపేటపై తీసుకునే నిర్ణయాలకు ఆ కొలతలే ఆధారం కావాలి.