విమానాల కేసు, జుకోవ్ మీద గురి

1930ల చివర్లో సోవియట్ వైమానిక దళాధిపతి కుర్చీ ఎవరికీ అచ్చిరాలేదు. అల్క్స్‌నిస్, లోక్తియోనోవ్, స్ముష్కెవిచ్, రిచాగోవ్... వరసగా ఆ పదవి చేసిన నలుగురినీ స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. చనిపోయేనాటికి రిచాగోవ్ వయసు 30 ఏళ్లే. తర్వాత వచ్చిన జిగరేవ్ మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. 1942 ఏప్రిల్‌లో ఆ కుర్చీలోకి అలెగ్జాండర్ నోవికోవ్ వచ్చారు.

ఆయన మొదటి నుంచీ విమానాల మనిషి కాదు. 1919లో ఎర్రసైన్యంలో చేరి, కాల్బలంలో పనిచేసి, ఫ్రూంజె అకాడమీలో చదివి, 1933లో గానీ వైమానిక దళానికి మారలేదు. బహుశా అందుకేనేమో, విమానాలను ఒక్కో సైన్యానికి కొన్ని చొప్పున పంచిపెట్టడంలోని నష్టం ఆయనకు బాగా తెలిసింది. పదవిలోకి రాగానే వాటిని కూడగట్టి, ఒక్కో ఫ్రంట్‌కు (అంటే కొన్ని సైన్యాల కూటమికి) ఒక్కో వైమానిక సైన్యాన్ని ఏర్పాటు చేయించారు. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకుపోయిన జర్మన్ ఆరో సైన్యానికి ఆకాశమార్గాన సరుకు అందకుండా అడ్డుకోవడంలో ఈ ఏర్పాటు బాగా అక్కరకొచ్చింది. 1944 ఫిబ్రవరిలో ఆయన దేశంలోనే మొదటి వైమానిక చీఫ్ మార్షల్ అయ్యారు. 1945 ఒక్క ఏడాదిలోనే 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు రెండుసార్లు అందుకున్నారు.

ఏడాది తిరక్కుండానే, 1946 ఏప్రిల్‌లో అరెస్టు. అంతకుముందు దాకా విమాన పరిశ్రమను నడిపిన షాఖూరిన్‌నూ పట్టుకున్నారు. లోపాలున్న విమానాలను తెలిసి తెలిసీ దళంలోకి తీసుకున్నారనీ, ఆ సంగతి దాచారనీ ఆరోపణ.

లోపాలు నిజమే. యుద్ధంలో హడావుడిగా తయారైన సరుకు అది. 1943లో కుర్స్క్ యుద్ధానికి ముందే యాక్ రకం యుద్ధ విమానాల రెక్కల మీది పూత, గుడ్డ ఊడిపోతుంటే స్టాలిన్ స్వయంగా మండిపడ్డారు. మరి అప్పుడే తెలిసిన విషయం 1946లో నేరం ఎలా అయింది? యాక్-9ల మీద స్టాలిన్ కొడుకు వాసిలీ తండ్రికి ఫిర్యాదు చేశారంటారు. కానీ ఆ ఫిర్యాదు నిప్పు రాజేయడానికే పనికొచ్చింది. మంట చేరాల్సిన చోటు వేరు. విమాన పరిశ్రమ వ్యవహారాలు చూసిన మాలెంకోవ్ మే నెలలో కేంద్ర కమిటీ కార్యదర్శి పదవి పోగొట్టుకున్నారు. అంతకన్నా పెద్ద గురి, యుద్ధంలో అందరికన్నా పేరు తెచ్చుకున్న సేనాని మార్షల్ జుకోవ్.

రహస్య భద్రతా విభాగం అధిపతి అబకుమోవ్ మనుషులు నోవికోవ్‌ను రాత్రింబవళ్లు నిద్రపోనివ్వకుండా విచారించారు. చివరికి స్టాలిన్‌కు రాసినట్టున్న ఒక లేఖ మీద సంతకం పెట్టించారు. జుకోవ్ గొప్పలు చెప్పుకుంటారనీ, విజయాలన్నీ తనవే అంటారనీ, స్టాలిన్ పట్ల విధేయత లేదనీ అందులో ఉంది. జూన్ 1న ఉన్నత సైనిక మండలి సమావేశంలో ఆ లేఖను చదివి వినిపించారు. జుకోవ్‌ను భూతల సేనల అధిపతి పదవి నుంచి తప్పించి ఒడెస్సాకు పంపేశారు.

నోవికోవ్ కేసు విచారణ మే నెలలోనే, రెండు రోజుల్లో ముగిసింది. శిక్ష అయిదేళ్లు. బయటకొచ్చింది మాత్రం 1952 ఫిబ్రవరిలో, అంటే దాదాపు ఆరేళ్లకు. ఆ లెక్క అడిగే ధైర్యం ఎవరికుంది?

స్టాలిన్ పోయాక, 1953లో కేసు కొట్టేశారు, హోదాలు తిరిగిచ్చారు. దూరశ్రేణి విమాన దళం బాధ్యతలూ అప్పగించారు. ఆ లేఖ తాను రాసింది కాదనీ, ఒళ్లూ మనసూ చితికిపోయిన స్థితిలో ముందే సిద్ధం చేసిన కాగితం మీద సంతకం పెట్టాననీ ఆయన అప్పుడు రాతపూర్వకంగా చెప్పారు. 1976లో ఆయన చనిపోయారు.