చెట్లున్నా ఖాళీ స్థలమే: విశాఖ పార్కు స్థలాల పోరాటం వెనుక కథ

మా కాలనీ లేఅవుట్ ప్లాన్ కాపీ సమాచార హక్కు చట్టం కింద చేతికొచ్చిన రోజు నలుగురం మా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరాం. కాగితం చుట్టుకుపోతుంటే నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టాం. రంగు వెలిసిన పాత ప్లానుకి జిరాక్సు అది. వీధులు, ప్లాట్ల నంబర్లు, వాటి మధ్య ఒక చదరపు ముక్క. ఆ ముక్క మీద ఎవరో డ్రాఫ్ట్స్‌మన్ చేత్తో రాసిన రెండు మాటలు: 'ఓపెన్ స్పేస్'. ఆ రెండు మాటల కోసం మేం పద్నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఎందుకంటే అదే ముక్క ఇంకో రిజిస్టరులో 'ఖాళీ స్థలం' అని ఉంది.

అక్కడ రెండు వేపలు, ఒక గానుగ, ఒక నేరేడు, ప్రహరీ వారన వరసగా బాదం చెట్లు ఉన్నాయి. సాయంత్రం పిల్లలు ఆడతారు, గేటు దగ్గర ముంత మసాలా బండి ఆగుతుంది. ఇన్ని ఉన్నా రికార్డులో అది ఖాళీయే. నాకు తెలిసి విశాఖలో పచ్చని చోటు కోసం జరిగిన ప్రతి గొడవకూ మొదలు ఇక్కడే ఉంది. ఇల్లు లేని చోటల్లా ఏమీ లేనట్టే అనుకోవడం మనకు ఎప్పటి నుంచో అలవాటైంది.

మన ఊరి పేర్లు చూడండి. తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, వేపగుంట, ఇసుకతోట, అడవివరం. సీతమ్మధారలో ధార ఉంది. ముడసర్లోవలో, ఆరిలోవలో లోవ ఉంది. కొండల మధ్య పల్లాన్ని మనం లోవ అంటాం, కొండ మీంచి వాన నీరు దిగొచ్చే దారిని గెడ్డ అంటాం. ఈ మాటలు పుట్టిన కాలంలో ఊరు చిన్నది. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జనం 41 వేల లోపే. 1951కి లక్ష దాటారు. 2011 నాటికి, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన మహా నగరంలో 17 లక్షలు దాటారు. తాటిచెట్లపాలెంలో ఇప్పుడు తాటిచెట్టు కోసం వెతుక్కోవాలి.

ఈ పెరుగుదల వెనుక ఓడరేవు ఉంది. 1933లో రేవు మొదలైంది. తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ వెనుక ఎరువుల ఫ్యాక్టరీ, జింకు ఫ్యాక్టరీ, ఉక్కు కర్మాగారం. బతుకుతెరువు కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం వచ్చారు. మా నాన్నగారూ అలా వచ్చినవారే. కాబట్టి ఫ్యాక్టరీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే ఊరి నైసర్గిక స్వరూపం మరిచిపోకూడదు. ఉత్తరాన కైలాసగిరి, కంబాలకొండ వరస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో గిన్నెలాంటి పల్లం. పొగ, దుమ్ము ఆ గిన్నెలో నిలిచిపోతాయి. కాలుష్యం తీవ్రంగా ఉన్న చోట్లలో ఒకటిగా విశాఖను లెక్కగట్టి, 2010లో కేంద్రం ఇక్కడ కొత్త పరిశ్రమల అనుమతులను కొంతకాలం ఆపేసింది కూడా. ఇలాంటి ఊళ్లో కొండ మీది అడవి, వీధి చివరి పార్కు అందానికి పెట్టుకున్నవి కావు. మనం పీల్చే గాలికి ఆధారం అవే.

అదృష్టం కొద్దీ కొన్ని నిలిచాయి. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న కంబాలకొండ 2002లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి, చిరుతపులి తిరిగే అడవి, ఊరిని ఆనుకునే ఉంది. జంతు ప్రదర్శనశాల 1977లో ఆ అడవి అంచునే మొదలైంది. పాత సెంట్రల్ జైలు అడవివరం వైపు తరలిపోయాక, ఊరి నడిబొడ్డున ఆ జైలు ఉన్న చోట ఇవాళ సెంట్రల్ పార్కు ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన, అంత గిరాకీ ఉన్న చోట, పార్కు దక్కడం మామూలు విషయం కాదు.

అసలు చిక్కు చిన్న ముక్కల దగ్గర ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, అంటే వుడా ఏర్పడింది. 2018లో వీఎంఆర్‌డీఏగా మారేదాకా కొత్త కాలనీలకు లేఅవుట్లు వేయడం, అనుమతులివ్వడం దాని పని. లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం దాకా అందరి కోసం వదలాలి. దాన్ని స్థానిక సంస్థ పేరిట రాసివ్వాలి. జనం నోట్లో అదే 'పార్కు సైటు'. ప్లాట్లు కొనేటప్పుడు బ్రోచర్లో దాన్ని చూపించే ధర చెబుతారు. అంటే ఆ పది శాతానికి డబ్బు కట్టింది ప్లాటు కొన్న మనమే.

పాత లేఅవుట్లు చాలావాటిలో ఈ రాసివ్వడం జరగలేదు. ప్లాను మీద పార్కు ఉంటుంది, రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు అడంగల్‌లో మాత్రం నలభై ఏళ్ల కిందటి జిరాయితీ (సొంత పట్టా) రైతు పేరే నడుస్తూ ఉంటుంది. ఆయన పోయాక వారసులు వస్తారు. వాళ్ల దగ్గర ఎవరో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు. ఆ కాగితం పట్టుకుని మున్సిపాలిటీకి ఖాళీ స్థలం పన్ను కడతారు. ఒక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు. రసీదులు పోగుపడతాయి. ఆ తర్వాత ఒక రోజు తెల్లారేసరికి చుట్టూ రేకులు లేస్తాయి. అడిగితే రసీదులు చూపిస్తారు. మా కాలనీలో సరిగ్గా ఇదే జరిగింది. పేరులోనే 'ఖాళీ' ఉన్న పన్ను అది. చెట్లున్న చోటును ఖాళీ అని ఒప్పుకుంటూ మన ఆఫీసే రసీదు ఇచ్చిందంటే ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఆక్రమణ అన్నిసార్లూ బయటివాళ్ల నుంచే రాదు, ఇది కూడా చెప్పాలి. ముందు బోరు వేస్తాం. పక్కన వాటర్ ట్యాంకు. తర్వాత కమ్యూనిటీ హాలు, దాని వెనక ఒక చిన్న గుడి, ఇంకో మూల ఏదో ఆఫీసుకి గది. ఒక్కోటీ మంచి పనే. అన్నీ కట్టాక పిల్లలకి మిగిలేది రెండు బెంచీలు, ఒక జారుడుబల్ల. మా దగ్గర హాలు కట్టాలన్నప్పుడు మేమే చప్పట్లు కొట్టాం. ఆ హాలు కోసం ఒక పెద్ద చింతచెట్టు పోయింది.

చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవడం మా ధైర్యం పెంచింది. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసు ఒకటి తేల్చింది. అక్కడ సదాశివనగర్ దగ్గర లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్ కోసం ఒక మెడికల్ ట్రస్టుకు ఇచ్చారు. చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెళ్లారు. ఆసుపత్రి కూడా ప్రజలకు మేలే కదా అని అవతలి వాదన. కోర్టు ఒప్పుకోలేదు. పార్కుకి వదిలింది పార్కుగానే ఉండాలి, అక్కడ నివసించేవాళ్లకు దాని గురించి అడిగే హక్కు ఉంది అంది. 'మీకేం సంబంధం, మీ పేరున ఉందా?' అని కౌంటర్ దగ్గర అడిగిన ప్రతిసారీ మేం చూపించిన తీర్పు అదే.

కొండల దగ్గరకొచ్చేసరికి ఇదే కథ పెద్ద ఎత్తున నడుస్తుంది. భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండబట్టి ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు ఆ తొట్లలో వాన నీళ్లు పట్టుకుని బతికారు. నౌకాదళం అవసరాల కోసం 1970లలో సర్వే చేస్తుంటే ఆ శిథిలాలు బయటపడ్డాయి, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. ఒక్కసారి ఆ తొట్టి అంచున కూర్చుని చూడండి. రాయి మీద నీరు పారడానికి గీసిన సన్నటి కాలువలు ఇంకా వేలికి తగులుతాయి. కింద సముద్రం, చుట్టూ తుప్పలు, గడ్డి. ఆ తుప్పలు, గడ్డి ఉన్నాయి కాబట్టే నీరు ఆగింది, నీరు ఆగింది కాబట్టే భిక్షువులుండే విహారం నిలిచింది. 1978లో ప్రభుత్వం రక్షిత స్థలంగా గుర్తించింది మూడు వేల ఎకరాలకు పైనే. తర్వాత తర్వాత, శిథిలాలున్న సుమారు 120 ఎకరాలు చాలు, మిగతాది ఖాళీయే అన్న వాదన మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత అక్కడే 15 ఎకరాలు ఒక ఫిల్మ్ క్లబ్బుకు కేటాయించారు. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు, కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ లాంటివాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. విషయం హైకోర్టుకు చేరింది.

సముద్రం ఒడ్డునున్న రుషికొండ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పాత టూరిజం రిసార్టు తీసేసి 2021లో కొత్త కట్టడాలకు కొండ తవ్వడం మొదలుపెట్టారు. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఆపమంది. సుప్రీంకోర్టు ఆ విచారణను పక్కనబెట్టి, కేసు హైకోర్టే చూడాలి, అంతవరకు ఇదివరకు కట్టడాలున్న చదును మేరే కట్టుకోవాలి అంది. హైకోర్టు ఆదేశంతో వెళ్లిన బృందం అనుమతికి మించి తవ్వినట్టు తేల్చింది. నా మనసులో నిలిచిపోయింది ఒక్కటే: కోసిన కొండ కనబడకుండా కప్పిన ఆకుపచ్చ పట్ట. బీచ్ రోడ్డు నుంచి చూస్తే దూరానికి అది పచ్చగానే కనిపించేది.

భీమిలి దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు అయితే చూపుకి బోసిగా ఉంటాయి. అందుకే వాటిని ఖాళీ అనడం ఇంకా తేలికైంది. సముద్ర మట్టం ఎప్పుడెలా మారిందో ఆ పొరలు చెబుతాయి. భారత భూగర్భ సర్వే సంస్థ గుర్తించిన భూ వారసత్వ స్థలం అది. అయినా 2024లో పక్కనే యంత్రాలు తవ్వుతున్న ఫొటోలు బయటికొచ్చి పెద్ద గొడవైంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో దిబ్బలకు చోటు దొరికింది.

చెట్టు విలువ ఊరంతా ఒకేసారి తెలుసుకున్న రోజు 2014 అక్టోబర్ 12. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను గాలి. మర్నాడు వీధిలోకి రావడానికి పడిపోయిన కొమ్మల మీదుగా పాక్కుంటూ వచ్చాం. నిలిచిన చెట్ల ఆకులు కూడా ఉప్పుగాలికి మాడిపోయి, కైలాసగిరి కాలిన కొండలా గోధుమ రంగులో కనిపించింది. మరుసటి ఏడాది ఎండాకాలం మా వీధిలో నీడ అన్న మాటే లేదు. మా పార్కు సైటులో మిగిలింది ఆ రెండు వేపలే. గానుగ, నేరేడు, బాదం మేం తర్వాత నాటినవి. అప్పుడు ఏడో తరగతి చదివే పిల్లలు బిందెలతో నీళ్లు పోశారు. వాళ్లిప్పుడు ఉద్యోగాలకి బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోయారు. రేకులు లేచిన రోజు మొదట డబ్బు పంపింది వాళ్లే.

రేకులు ప్రస్తుతానికి తీయించారు. రిజిస్టరులో మాట మాత్రం ఇంకా మారలేదు. పన్ను రసీదులు రద్దు చేయమని పెట్టిన అర్జీ మీద వచ్చే నెల విచారణ ఉంది. అందుకోసం ఆ లేఅవుట్ ప్లాను ముప్పై కాపీలు తీయించి ఇంటికొకటి ఇచ్చాం. ఆ చదరపు ముక్క ఒక్కటీ పెద్దది చేయించి, లామినేట్ చేసి గేటుకి కట్టాం. ముంత మసాలా అబ్బాయి ఏంటండీ అది అని అడిగితే, ఎదురింటి మామ్మగారు 'ఓపెన్ స్పేస్' అనే మాటల మీద వేలు పెట్టి చదివి వినిపించారు.