మెడ నిలిచిందని కారు సీటు ముందుకు తిప్పేయకండి

తొమ్మిదో నెల టీకాకి వచ్చిన వాళ్ళని, బిడ్డని ఎందులో తీసుకొచ్చారని అడగడం నాకు అలవాటు. ఒడిశాలోని మా రాయగడలో కార్లు బాగా పెరిగాయి. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖపట్నం వెళ్ళొచ్చే తెలుగు కుటుంబాలు ఎన్నో. కొత్త కారుకి మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయిస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఈమధ్య కొందరు పిల్లల సీటు కూడా కొంటున్నారు. చాలా సంతోషం. కానీ బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపుకి ఉండేలా పెట్టాల్సిన ఆ సీటుని, ఏడాదైనా నిండకుండానే ముందుకు తిప్పేస్తున్నారు. ఎందుకమ్మా అంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "మెడ నిలిచింది కదండీ."

పిల్లల డాక్టరుగా ఈ ఒక్క మాట మీదే నేను ఎక్కువగా గొంతు చించుకుంటాను.

అపోహ: మెడ నిలిచిన బిడ్డని ముందుకు తిప్పి కూర్చోబెట్టొచ్చు.

వాస్తవం: మెడ నిలవడమంటే తన తల బరువు తాను మోసుకోగలగడం. అది కండరాల పని, మూడు నాలుగు నెలలకి వచ్చేస్తుంది. ఎముకల సంగతి వేరు. పుట్టినప్పుడు మెడలోని ఒక్కో వెన్నుపూస ఒకే ఎముకగా ఉండదు. ముక్కలు ముక్కలుగా ఉండి, వాటి మధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది. ఆ ముక్కలు అతుక్కుని గట్టి ఎముకగా మారేది చాలావరకు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్య. పైగా పసిబిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. మనకి అది ఎనిమిదో వంతు. అంత పెద్ద తల, అంత లేత మెడ.

ఇప్పుడు ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డని ఊహించుకోండి. కారు దేన్నో గుద్ది ఆగింది. బెల్టులు భుజాలని, ఛాతీని పట్టుకుంటాయి. తలని పట్టుకునేది ఏదీ లేదు. అది ముందుకు విసురుగా వెళ్తుంది, దాని బరువంతా మెడ మీద పడుతుంది. లేత వెన్నెముక సాగుతుంది. లోపలున్న వెన్నుపాము అంత సాగదు. ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఏంటంటే, పిల్లల్లో వెన్నుపాము దెబ్బతిన్నా ఒక్కోసారి ఎక్స్‌రేలో ఎముకలన్నీ మామూలుగానే కనిపిస్తాయి. 1982లో పాంగ్, విల్‌బర్గర్ అనే ఇద్దరు వైద్యులు ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు.

అదే బిడ్డ వెనక్కి తిరిగి కూర్చుంటే, కారు ఆగిన క్షణంలో వీపు, మెడ, తల మూడూ కలిసి సీటుకి అదుముకుంటాయి. దెబ్బ వీపంతా పరుచుకుంటుంది, తల ఒక్కటే విడిగా ఎగరదు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన 1960లలోనే, వ్యోమగాములు వీపు మీద ఆనుకుని పడుకునే సీట్లని చూసి ఈ ఆలోచన చేశారు. అక్కడ ఇప్పటికీ నాలుగేళ్ళ దాకా పిల్లల్ని వెనక్కే కూర్చోబెడతారు.

ఒకసారి ఒక నాయనమ్మ నాతో గట్టిగా వాదించింది. "మా పిల్లలు నలుగుర్ని ఏ సీటూ లేకుండానే పెంచాం డాక్టరమ్మా." ఆవిడ ఒళ్ళో పది నెలల మనవడు ఉన్నాడు. "మామ్మా, వీడు పుట్టిన కొత్తలో ఎలా ఎత్తుకునేవారో చూపించండి" అన్నాను. ఎడం చెయ్యి నడుం కింద పెట్టి, కుడి అరచెయ్యి మెడ వెనక్కి పోనిచ్చింది. వేళ్ళు విప్పి తలని దొన్నెలో పెట్టినట్టు పట్టుకుంది. "వెనక్కి తిప్పిన సీటు చేసేది అదే పని మామ్మా, ఆ అరచెయ్యి పనే" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. కొడుకు వైపు చూసింది.

తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. మా అమ్మాయి 2009లో పుట్టింది. ఏడాది నిండి, బరువు తొమ్మిది కిలోలు దాటిన రోజే నేనే స్వయంగా సీటు ముందుకు తిప్పాను. అప్పటికి అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పినది కూడా ఏడాది, తొమ్మిది కిలోలే కనీసమని. ఆ కనీసాన్నే నేను గమ్యం అనుకున్నాను. 2011లో వాళ్ళు రెండేళ్ళ దాకా అన్నారు. 2018లో వయసు లెక్క కూడా తీసేసి, ఆ సీటుకి రాసిన బరువు, ఎత్తు పరిమితి వచ్చేదాకా వెనక్కే ఉంచమన్నారు. ఆ మార్పు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పార్వతీపురం రోడ్డు మీద మా పాపని ముందుకు తిప్పి తీసుకెళ్ళిన ప్రయాణాలన్నీ గుర్తొచ్చాయి. ఏమీ కాలేదు, అదృష్టం. తెలియక చేసిన దానికి ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ తిప్పండి, సరిపోతుంది.

అపోహ: వెనక్కి తిప్పితే కాళ్ళు ఇరుక్కుంటాయి, గుద్దుకుంటే విరుగుతాయి.

ఇది కూడా రోజూ వినేదే. మీ పిల్లాడు నేల మీద ఆడుకునేటప్పుడు ఒకసారి చూడండి. బాసింపట్టు వేసుకుంటాడు, గొంతుక్కూర్చుంటాడు, కాళ్ళు రెండు పక్కలకీ మడిచి గంటసేపు ఉంటాడు. మనకి నొప్పి పుట్టే భంగిమ వాడికి హాయి. వెనక్కి తిరిగిన సీట్లో కాలి దెబ్బలు అరుదు. నిజానికి ముందుకు తిరిగిన పిల్లల కాళ్ళే ఎదుటి సీటుకి కొట్టుకుంటాయి. పోనీ, కాలే విరిగిందనుకుందాం. కాలు విరిగితే కట్టు కడతాం, కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. వెన్నుపాముకి కట్టు లేదు.

అపోహ: తల్లి ఒడిని మించిన భద్రం లేదు. మన రోడ్ల మీద అంత స్పీడెక్కడ?

యాభై స్పీడు అంటే మనకి మెల్లగా వెళ్తున్నట్టే. ఆ వేగంతో గుద్దుకోవడం దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడటంతో సమానం. పది కిలోల బిడ్డ సెకనులో పదో వంతులో ఆగాలంటే ఆ చేతులు సుమారు 140 కిలోల బరువుని ఆపాలి. తల్లి ప్రేమకి లోటు లేదు, చేతులకి అంత బలం లేదు. ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంటే ఆ తర్వాత డాష్‌బోర్డే. తల్లి కట్టుకున్న బెల్టు లోపలే బిడ్డని కూడా పెట్టడం ఇంకా ప్రమాదం, మధ్యలో నలిగేది బిడ్డే.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా బిడ్డ తల వెనక ఉన్న సీటునే కొడుతుంది. దాని చోటు వెనక సీటే. "వెనక నుంచి లారీ గుద్దితే?" అని అడుగుతారు. కారు ముందు వైపు నుంచి తగిలే గుద్దులే ఎక్కువ, వాటిలోనే దెబ్బ తీవ్రం. ఘాట్ రోడ్డులో వాంతులవుతాయన్న భయం రెండేళ్ళలోపు పిల్లలకి పెద్దగా అక్కర్లేదు, ఆ వయసులో ప్రయాణపు వాంతులు అరుదు. కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో లావు స్వెటరు తొడిగి బెల్టు పెడుతున్నారు. బిగువుగా కనిపిస్తుంది కానీ గుద్దుకుంటే స్వెటరు నలిగిపోయి బెల్టు వదులవుతుంది. పలచటి బట్టల మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. బెల్టు పట్టీని భుజం దగ్గర రెండు వేళ్ళతో చిటికెడు పట్టుకోవడానికి దొరికిందంటే ఇంకా వదులే.

చట్టం ఉందా అంటే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యి రూపాయల కోసం ఎవరూ సీటు కొనరని నాకు తెలుసు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ బుట్టలని కారు సీటు పేరుతో అమ్ముతున్నారు. ఇంగ్లీషు 'E' అక్షరం గుండ్రటి గీతలో ఉన్న నారింజ రంగు లేబుల్, దాని మీద అంతర్జాతీయ భద్రతా ప్రమాణమైన ఆర్44 లేదా ఆర్129 అన్న అంకె చూడండి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఏ లేబులూ లేకపోతే కొనకండి. ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న సీటు, ఎవరిదో చరిత్ర తెలియని సీటు కూడా వద్దు.

మరి ఎప్పుడు తిప్పాలి? టీకాల కార్డులో బరువు చూసుకోండి. సీటు మీద, వెనక్కి తిప్పి వాడటానికి 13 కిలోల దాకా అని రాసి ఉంటే, సగటు పిల్లలు ఆ బరువుకి చేరేసరికి రెండేళ్ళు దాటి చాలా నెలలవుతాయి. 18 కిలోల దాకా అని ఉంటే ఐదేళ్ళు కావస్తుంది, అయితే అంతకన్నా ముందే ఎత్తు పరిమితి రావచ్చు. తల పైభాగం సీటు అంచు దాటకూడదు. మన ప్రాంతంలో పిల్లలు సన్నగా ఉన్నారని దిగులుపడే తల్లులే ఎక్కువ. ఈ ఒక్క విషయంలో ఆ సన్నదనం మీకు ఇంకొన్ని నెలల భద్రత ఇస్తుంది.

బిడ్డ ముఖం కనిపించక టెన్షన్ పడే తల్లులు వెనకే పక్కన కూర్చోండి. పుట్టిన కొత్తలో తల ముందుకు వాలి ఊపిరికి అడ్డం రాకుండా సీటు వాలు కూడా చూసుకుంటూ ఉండొచ్చు. దూరం వెళ్ళేటప్పుడు రెండు గంటలకోసారి ఆపి బిడ్డని బయటికి తీయండి. ఇంటికొచ్చాక ఆ సీట్లోనే పడుకోబెట్టకండి.

ఆ నాయనమ్మ మనవడు మొన్న తట్టు, రుబెల్లాకి వేసే ఎంఆర్ టీకా రెండో డోసుకి వచ్చాడు. పద్దెనిమిది నెలలు, పది కిలోల నాలుగు వందల గ్రాములు. సూది వేశాక ఏడుస్తూనే ఉన్నాడు, నేను కారు దాకా వెళ్ళాను. సీటు ఇంకా వెనక్కే ఉంది. ఆవిడే వంగి బెల్టు పెట్టింది, భుజం దగ్గర చిటికె వేసి చూసింది, ఇంకాస్త బిగించింది. వాడు రెండు కాళ్ళూ ఎత్తి కారు సీటు వీపుకి తన్నిపెట్టి, బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.