అనుదిన ధ్యానం, ఆదరణ: అపోహలు - వాస్తవాలు

"రోజూ బైబిలు చదువుతున్నాను, ప్రార్థన చేస్తున్నాను. అయినా మనసుకు ఆదరణ దొరకడం లేదు." కొత్త విశ్వాసులూ అంటారు ఈ మాట, ఏళ్లుగా సంఘంలో ఉన్నవాళ్లూ అంటారు. వెంటనే తమ భక్తినే తప్పుపట్టుకుంటారు. చాలాసార్లు సరిచేసుకోవలసింది చదివే తీరు, ప్రార్థించే తీరు.

అపోహ: రోజుకో వాగ్దాన వచనం చదువుకుంటే చాలు.

వాస్తవం: పొద్దున్నే ఫోన్‌కు వచ్చే వచనం మంచిదే, కానీ అది ఒక ఉత్తరంలోంచి చింపిన ముక్క. యిర్మీయా 29:11 తీసుకోండి: దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. ఇది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరంలోది. దాని పై వచనమే చదవండి. 70 సంవత్సరాలు గడిచాక వాళ్లను తిరిగి రప్పిస్తానంటున్నాడు దేవుడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. రెండేళ్లలోనే అంతా తిరిగొస్తుందని చెప్పిన హనన్యా అనే ప్రవక్త మాట అబద్ధమని ముందటి అధ్యాయంలోనే తేలిపోయింది. మరి వాళ్లకు దేవుడు చెప్పిందేమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి.

ఇంటర్వ్యూకు ముందురోజు ఈ వచనం పట్టుకుని వెళ్లి, ఉద్యోగం రాకపోతే "దేవుడు మాట తప్పాడు" అని కుంగిపోయేవాళ్లు ఎందరో. ఆయన తప్పలేదు. ఆ ఉద్యోగం ఇస్తానని ఆ వచనంలో ఎక్కడా లేదు. పూర్తిగా చదివితే దొరికే ఆదరణ ఇంకా గట్టిది: ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగినా దేవుడు మరచిపోలేదు, ఈలోగా బతుకు ఆపుకోనక్కర్లేదు.

పద్ధతి చాలా తేలిక. వచనానికి పైన 10, కింద 10 వచనాలు చదవండి. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నారో చూడండి. దేవుని గురించి ఇక్కడ ఏం తెలుస్తోందో ఒక్క వాక్యంలో, ఈ రోజు నేను చేయవలసింది ఏమిటో మరో వాక్యంలో రాసుకోండి. మొత్తం 15 నిమిషాలు పట్టదు.

అపోహ: ఏడాదిలో బైబిలంతా పూర్తి చేయకపోతే వెనకబడినట్టే.

వాస్తవం: ప్రొటెస్టెంట్ బైబిలులో 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు అధ్యాయాల పైమాటే. జనవరి ఒకటిన మొదలుపెడితే ఆదికాండం 50, నిర్గమకాండం 40 అధ్యాయాలు దాటి, నెలాఖరుకు లేవీయకాండంలో అడుగుపెడతారు. అక్కడ బలుల వివరాలు మొదలవుతాయి, చదువు నెమ్మదిస్తుంది. నాలుగు రోజులు తప్పితే 13 అధ్యాయాలు బాకీ పడతాయి. ఆ బాకీ చూసే చాలామంది పూర్తిగా మానేస్తారు. కొత్తవాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టడం మేలు, 16 అధ్యాయాలే. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు: వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. తప్పిన రోజును వదిలేసి ఈ రోజు భాగం చదవండి, బాకీ తీర్చడానికి కూర్చోవద్దు.

అపోహ: ధ్యానం అంటే మనసును ఖాళీ చేసుకోవడం.

వాస్తవం: మొదటి కీర్తనలో "ధ్యానించు" అన్నచోట హెబ్రీ మాట "హాగా". లోగొంతుకతో గొణుక్కోవడం అని దాని అర్థం. యెషయా గ్రంథంలో సింహం గుర్రుమనడానికీ, పావురం మూలగడానికీ ఇదే మాట వాడారు. అంటే ధ్యానంలో నోటికీ పని ఉంది. "యెహోవా నా కాపరి" అన్న మూడు మాటలు తీసుకుని, ఒక్కోసారి ఒక్కో మాటను నొక్కి పలకండి. "యెహోవా" దగ్గర ఆగితే కాపరి ఎవరో తెలుస్తుంది. "నా" దగ్గర ఆగితే ఆయన నన్నెరిగినవాడని తడుతుంది. "కాపరి" దగ్గర ఆగితే నేను గొర్రెనని, దారి తెలియనిదాన్నని ఒప్పుకోక తప్పదు. గబగబా మూడు అధ్యాయాలు తిప్పినా ఇంత లోపలికి దిగదు.

అపోహ: తెల్లవారుజామునే ప్రార్థించాలి, ఎంతసేపు చేస్తే అంత శక్తి.

వాస్తవం: యేసు పెందలకడనే లేచి ప్రార్థించాడు, నిజమే. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు, దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. నైట్ షిఫ్టు చేసేవాళ్లు, పసిబిడ్డల తల్లులు మెలకువగా ఉండే వేళనే ఎంచుకోండి. ఇక నిడివి సంగతి: పరలోక ప్రార్థన మత్తయిలో ఐదు వచనాలే, దానికి ముందే వ్యర్థమైన మాటలు వద్దన్నాడు ప్రభువు.

అపోహ: దిగులుగా ఉందని దేవునితో అనడం అవిశ్వాసం.

వాస్తవం: ఇంతగా బాధపెట్టే అపోహ ఇంకొకటి లేదు. 13వ కీర్తన రెండు వచనాల్లోనే దేవుణ్ణి "ఎంతకాలం?" అని నాలుగుసార్లు అడుగుతుంది. తర్వాతి రెండు వచనాలు మనవి, చివరి రెండు నమ్మకం. ఆరు వచనాల ఈ క్రమంలోనే మీరూ ప్రార్థించవచ్చు: బాధ ఇదీ అని ఒక వాక్యం, కావలసింది ఇదీ అని ఒకటి, నీ కృపను నమ్ముకున్నానని ఒకటి. మూడోది నోట రాని రోజు మొదటి రెండింటితో ఆపండి. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే.

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త "ఇంతమట్టుకు చాలును" అని చావు కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రెండుసార్లు ఆహారం పెట్టించాడు. నిద్ర లేక, తిండి సరిగా లేక కుంగినవాళ్లకు ముందు కావలసినవి అవే. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరును కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, వెంటనే పక్కనున్నవాళ్లకు చెప్పండి. పౌలు జట్టులో లూకా అనే వైద్యుడు ఉన్నాడు. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గదు.

అపోహ: ప్రసంగాలు ఫోన్లో వింటున్నాం, సహవాసం అవసరం లేదు.

వాస్తవం: ప్రసంగం మీకు చెబుతుంది, మిమ్మల్ని అడగదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 10:24, 25 ఒకరినొకరు పురికొల్పుకోవాలని, కూడుకోవడం మానవద్దని అంటుంది. ముగ్గురు చాలు, వారానికి అరగంట చాలు. ఈ వారం ఏ వాక్యం తాకింది, ఎక్కడ పడిపోయాను, దేనికోసం ప్రార్థించాలి అని ఒక్కొక్కరు చెప్పుకోండి. మధ్యలో సలహాలు వద్దు, ముందు వినండి. ఇలాంటి గుంపులు ఎక్కువగా చెదిరిపోయేది ఒకే కారణంతో: ఒకరి కన్నీటి మాట "ప్రార్థన అంశం" పేరుతో సంఘమంతా తిరుగుతుంది. అందుకే మొదటి రోజే, ఇక్కడి మాట చెప్పినవారి అనుమతి లేకుండా గడప దాటకూడదని ముగ్గురూ ఒప్పుకుని మొదలుపెట్టండి.