గ్రామీణ కౌంటీల్లో జోనింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక గ్రామీణ కౌంటీ (మన జిల్లా లాంటిది) జోనింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఏ ప్రాంతంలో భూమిని దేనికి వాడుకోవచ్చో చెప్పే నియమాలే జోనింగ్. చికాగో, మిల్వాకీల్లో ఉండే తెలుగువాళ్లు ఈ మధ్య సరస్సు పక్కన రెండెకరాలో, అడవిలో ఇరవై ఎకరాలో చూసుకుని మాకు ఫోన్ చేస్తున్నారు. "భూమి మనదే అయినప్పుడు ఇల్లు కట్టుకోవడానికి మీ పర్మిషన్ ఎందుకండీ?" అన్నది చాలామంది మొదటి ప్రశ్న. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లూ ఇదే అడుగుతారు, కాకపోతే కాస్త కోపంగా.

అపోహ: పల్లెల్లో జోనింగ్ పెట్టింది పంట పొలాల్ని కాపాడటానికి.

వాస్తవం: మొదట్లో పెట్టింది వ్యవసాయాన్ని ఆపడానికి!

పట్నాల కథ వేరు. న్యూయార్క్ 1916లో జోనింగ్ తెచ్చింది ఎత్తైన భవనాలు వీధుల్లో వెలుతురు రాకుండా చేస్తున్నాయని. 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ చెల్లుతుందని తేల్చింది. పల్లెల్లో ఎవరికీ వెలుతురుకు కొదవ లేదు. అక్కడి సమస్య పన్నులు.

ఉత్తర విస్కాన్సిన్ ఒకప్పుడు వైట్ పైన్ అడవి. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా కలప కంపెనీలు దాన్ని నరికేసి, మొద్దులు మిగిలిన నేలను ఎకరాల లెక్కన వలస కుటుంబాలకు అమ్మాయి. పాలరైతులు వచ్చి బాగుపడతారని ప్రభుత్వమూ విశ్వవిద్యాలయమూ 1890ల నుంచి ప్రచారం చేశాయి. వచ్చినవాళ్లకు దొరికింది ఇసుక నేల, రాళ్లు, చలి తగ్గి నిలకడగా ఎండ కాసేలోపే ముగిసిపోయే పంటకాలం. ఒక్కో మొద్దును డైనమైట్ పెట్టి పెకలించాలి. 1920ల్లో పంటల ధరలు పడిపోయాక పన్ను కట్టలేక కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోయాయి. పన్ను బకాయిల కింద ఆ భూములన్నీ కౌంటీల మీద పడ్డాయి.

ఇక ఉండిపోయినవాళ్ల సంగతి చూడండి. అడవిలో నాలుగైదు మైళ్ల లోపల ఒక్క ఇల్లు ఉంటుంది. ఆ ఇంటికి టౌన్ రోడ్డు వేయాలి, చలికాలంలో మంచు తీయాలి. అందులో ఇద్దరు పిల్లలుంటే వాళ్లకు బడి చూపించాలి. విస్కాన్సిన్‌లో టౌన్ అంటే తరచుగా ముప్పై ఆరు చదరపు మైళ్ల విస్తీర్ణంలో ఉండే, మన పంచాయతీ లాంటిది. పన్ను కట్టేవాళ్లు వెళ్లిపోతుంటే, మిగిలిన కొద్దిమంది మీద ఈ ఖర్చంతా పడేది. మా ఆఫీసుకు వచ్చే దరఖాస్తుల్లో సగం గొడవలు ఈరోజుకీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి: ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకుంటారు, దాని ఖర్చు ఎవరు భరిస్తారు?

అందుకే 1929లో రాష్ట్ర చట్టాన్ని సవరించి, వ్యవసాయం, అడవి, విహారం దేనికి ఏ ప్రాంతమో విడదీసే అధికారం కౌంటీలకు ఇచ్చారు. 1933 మే 16న రైన్‌లాండర్ కేంద్రంగా ఉన్న ఒనైడా కౌంటీ దేశంలోనే మొదటి గ్రామీణ జోనింగ్ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) తెచ్చింది. అడవి జోన్‌లో కొత్తగా సేద్యం చేయకూడదు, ఏడాది పొడవునా కాపురం ఉండకూడదు. వేటకో చేపలకో వచ్చి నాలుగు రోజులు ఉండే క్యాబిన్ వేసుకోవచ్చు. క్యాబిన్‌కు బడి బస్సు అక్కర్లేదు కదా! కొన్నేళ్లలోనే ఇరవైకి పైగా కౌంటీలు ఇదే దారి పట్టాయి. పన్ను కింద వచ్చిన ఆ బీడు నేలలే తర్వాత కౌంటీ అడవులయ్యాయి. ఈరోజు విస్కాన్సిన్‌లో అవి సుమారు 24 లక్షల ఎకరాలు.

పంట భూముల్ని కాపాడే చట్టం 1977లో గానీ రాలేదు. వ్యవసాయ జోన్‌లో ఉన్న రైతుకు పన్ను రాయితీ ఇవ్వడం అందులో ముఖ్యమైన ఏర్పాటు.

అపోహ: పైనుంచి రుద్దారు, రైతుల్ని వెళ్లగొట్టారు.

వాస్తవం: కౌంటీ బోర్డు ఆర్డినెన్స్ చేసినా, ఏ టౌన్‌కు ఆ టౌన్ బోర్డు ఒప్పుకుంటేనే అది అక్కడ అమలయ్యేది. అందుకని విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ ఏజెంట్లు (పల్లెల్లో రైతులకు సలహాలిచ్చేవాళ్లు) ఊరూరా టౌన్ హాళ్లలో సమావేశాలు పెట్టారు. గోడకు మ్యాపులు వేలాడదీసి పన్ను బకాయి పడిన భూమి ఎక్కడుంది, బడులు ఎక్కడున్నాయి, రోడ్లు ఎక్కడిదాకా వెళ్తున్నాయి అన్నది చూపించారు. ఎవరి ఊరి ఖర్చు వాళ్ల కళ్లకే కనిపించాక వాదనకు పెద్దగా చోటు లేకపోయింది. మా వృత్తిలో ఇంతకంటే మంచి పద్ధతి తర్వాత ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. ఇప్పుడు మేం చేసే పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్లకు జనం నిద్రపోతున్నారు.

అప్పటికే అడవి జోన్‌లో ఉంటున్నవాళ్లను కదిలించలేదు. ఉన్న వాడకాన్ని అలాగే కొనసాగనిచ్చారు. బాగా లోపల ఒంటరిగా ఉన్న కొందరికి, ఇష్టపడితే, రోడ్డు దగ్గర వేరే భూమి మార్పిడి కింద ఇచ్చారు.

ఈ "పాత వాడకం" నియమం ఇప్పటికీ ఉంది, దాంతో మోసపోయేవాళ్లూ ఉన్నారు. పాత బార్ ఉన్న స్థలం కొని, "ఇక్కడ ముందునుంచీ వ్యాపారం ఉంది కదా" అనుకుంటారు. జోన్‌కు సరిపడని ఆ వాడకం వరసగా పన్నెండు నెలలు ఆగిపోతే హక్కు పోతుంది. కొనేముందు అది ఎప్పుడు మూతపడిందో కనుక్కోండి.

అపోహ: సరస్సు ఒడ్డు కొంటే ఒడ్డు కూడా మనిష్టమే.

వాస్తవం: ఇది మాత్రం టౌన్ ఒప్పుకుంటేనే అన్న వ్యవహారం కాదు. 1960ల్లో విస్కాన్సిన్ సరస్సుకు 1,000 అడుగుల లోపు, నదికి 300 అడుగుల లోపు భూమికి జోనింగ్ పెట్టాల్సిందేనని కౌంటీలను ఆదేశించింది. మారినెట్ కౌంటీలో నోక్వెబే సరస్సు దగ్గర 1961లో 36 ఎకరాలు కొన్న జస్ట్ అనే కుటుంబం, 1968లో పర్మిట్ లేకుండా చిత్తడి నేల మీద ఇసుక తోలించి పూడ్చింది. ఆ జోన్‌లో పర్మిట్ లేకుండా చేసుకోగలిగే పనుల్లో గడ్డి, నాచు, అడవి వరి, బెర్రీలు ఏరుకోవడం ఉన్నాయి. ఇసుకతో పూడ్చడం లేదు. 1972లో జస్ట్ వర్సెస్ మారినెట్ కౌంటీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు కౌంటీ పక్షాన తీర్పిచ్చింది. ఇతరుల హక్కులకు హాని కలిగేలా నేల సహజ స్వభావాన్నే మార్చేసే హక్కు యజమానికి లేదు, కాబట్టి నష్టపరిహారం కూడా లేదని చెప్పింది. మాకు ఇది భగవద్గీత లాంటి తీర్పు.

అపోహ: ముందు ప్లాన్ వేసి, దాన్నిబట్టి జోనింగ్ చేస్తారు.

వాస్తవం: పుస్తకాల్లో అంతే. విస్కాన్సిన్‌లో గ్రామీణ జోనింగ్ 1933లో వస్తే, సమగ్ర ప్రణాళిక చట్టం వచ్చింది 1999లో. జోనింగ్ ఆ ప్రణాళికకు అనుగుణంగా ఉండాలన్న షరతు 2010 నుంచి మొదలైంది.

అపోహ: ఫీజు కడితే జోన్ మారుతుంది, వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చే మన నాలా కన్వర్షన్ లాగే.

వాస్తవం: రీజోనింగ్‌కు (జోన్ మార్పుకు) దరఖాస్తు ఫీజు ఉంటుంది గానీ అది కట్టడంతోనే పని అయిపోదు. పబ్లిక్ హియరింగ్ జరగాలి, కౌంటీ బోర్డు ఓటు వేయాలి. టౌన్ బోర్డు అభ్యంతరం రాసిస్తే మీరు అడిగింది అడిగినట్టు ఆమోదించమని జోనింగ్ కమిటీ సిఫార్సు చేయలేదు. పంట భూముల జోన్ నుంచి బయటికి తీస్తే మార్పిడి రుసుము కట్టాలని 2009లో పెట్టారు, 2011లో ఎత్తేశారు. మీరు ఫోన్‌లో "ఎంతవుతుందండీ?" అని అడిగితే మా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదే. మురుగునీటి లైను లేనిచోట ముందు మట్టి పరీక్ష చేయించుకోండి. నేల సెప్టిక్‌కు పనికిరాకపోతే జోన్ ఏదైనా మీ ఇల్లు కష్టమే.

అపోహ: అమెరికా అంతా ఇంతే.

వాస్తవం: టెక్సస్‌లో కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారమే లేదు. డాలస్ బయట ఎకరాలు కొన్న మనవాళ్లు దీన్ని లాభమనుకుంటారు. పక్క స్థలంలో కాంక్రీట్ ప్లాంట్ వస్తే ఆపే అధికారం కౌంటీకి ఉండదని ఆ తర్వాత తెలుస్తుంది. ప్లాటింగ్ (భూమిని ప్లాట్లుగా విడగొట్టడం), వరద ముంపు, సెప్టిక్ నియమాలు మాత్రం కౌంటీ చూస్తుంది. మిగతాదంతా భూమి పత్రాల్లో రాసుకున్న షరతుల మీదే నడుస్తుంది. అక్కడ కొనేటట్టయితే క్లోజింగ్‌కు (కొనుగోలు పూర్తయ్యే రోజుకు) ముందే, భూమి హక్కులు పరిశీలించే టైటిల్ కంపెనీని ఆ షరతుల, అంటే డీడ్ రిస్ట్రిక్షన్ల, కాపీ అడగండి. మీ ప్లాట్‌వే కాదు, చుట్టుపక్కల ప్లాట్లవి కూడా.