పిరికివాడిలో దాక్కున్న ధీరుడు

కటౌట్‌కు పాలు పోసే అభిమాని తనను తాను ‘డైహార్డ్ ఫ్యాన్’ అని చెప్పుకుంటాడు. ఆ మాటకు పేరొచ్చింది మాత్రం రక్తం పారినచోట. 1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయేరా దగ్గర నెపోలియన్ సేనతో పోరు జరిగింది. బ్రిటిష్ 57వ రెజిమెంటును నడుపుతున్న విలియం ఇంగ్లిస్‌కు గట్టి గాయమే తగిలింది. అయినా వెనక్కి పోనని అక్కడే పడుకుని, ‘డై హార్డ్!’ అని తనవాళ్లను పురికొల్పాడంటారు. చస్తే చద్దాం గానీ తేలిగ్గా చావొద్దని దాని భావం. సాయంత్రానికి ఆ దళంలో మూడింట రెండొంతుల మంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. మిగిలినవాళ్లకు ‘డై హార్డ్స్’ అనే పేరు దక్కింది. 1911లో తమ సభ అధికారాలకు కోత పెట్టే బిల్లును చివరిదాకా అడ్డుకున్న బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభలోని ప్రభువులనూ అదే పేరుతో పిలిచారు. వాళ్లలో ఎవరికీ గీత కూడా పడలేదనుకోండి.

ఇక్కడ ‘హార్డ్’ అంటే రాతి గట్టిదనం కాదు, మనిషి గట్టిదనం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ధైర్యం అనే అర్థమూ ఉంది. ‘వాడి గుండె గట్టిది’ అనే మనకు అది వింతేమీ కాదు. జర్మానిక్ తెగలవాళ్లు దాన్ని పిల్లల పేర్లకూ తగిలించారు. బెర్నార్డ్ అంటే ఎలుగుబంటంత ధైర్యశాలి, లెనార్డ్ అంటే సింహమంత, రిచర్డ్ అంటే ఏలుబడిలో గట్టివాడు.

ఆ తెగల్లో ఒకటైన ఫ్రాంకులతో పాటు ఈ పేర్లు ఇప్పటి ఫ్రాన్సుకు చేరాయి. ఇంటింటా ఒక ‘ఆర్డ్’ ఉండేసరికి పేరు చివరి ముక్క విడిపోయి ఒట్టి ప్రత్యయమైంది. అక్కడితో ఆగక తిట్టులోకి దిగింది. మన ‘తాగుబోతు’లో ‘బోతు’ చేసే పనే ఇంగ్లీషు ‘డ్రంకర్డ్’లో ‘ఆర్డ్’ చేస్తుంది.

అసలు తమాషా పిరికివాణ్ని ఇంగ్లీషులో పిలిచే ‘కవర్డ్’ (coward) అనే మాటలో ఉంది. పాత ఫ్రెంచిలో తోకను ‘కో’ అనేవారు. దానికి ‘ఆర్డ్’ చేరి ‘కోఆర్డ్’ అయింది. భయపడ్డ జంతువు తోక ముడవడం మనకు తెలిసిందే. అంటే, పిరికివాడు అనే మాటలో సగం తోక, సగం ధైర్యం! 12వ శతాబ్దపు ఫ్రెంచి జంతుకథల్లో కుందేలు పేరు అదే. ఆ కథల్లోని నక్క రెనార్ పేరు చివర ఉన్నదీ ఈ ‘హార్డే’. అది ఎంత ప్రసిద్ధికెక్కిందంటే, నక్కకు ఫ్రెంచిలో అంతకుముందున్న ‘గూపీ’ అనే మాట మూలపడి, ‘రెనార్’ అంటేనే నక్క అయిపోయింది.

గట్టిపరచు అనే క్రియ నుంచి ఫ్రెంచిలో ‘హార్డీ’ పుట్టింది, ధైర్యశాలి అని అర్థం. ఫ్రాన్సు నుంచి వెళ్లి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల వెంట అది సముద్రం దాటింది. ముందు ‘ఫూల్’ చేర్చితే ‘ఫూల్‌హార్డీ’, అంటే వెర్రిధైర్యం. ఈ తేడాను మనం ఒకే ధాతువుతో చూపిస్తాం. తెగితే తెగువ, మెచ్చుకుంటాం. తెంపితే తెంపరితనం, తిడతాం.

‘హార్డీ’ ఇప్పుడు యుద్ధాలు మానేసి తోటల్లో స్థిరపడింది. చలికాలమంతా మంచును ఆరుబయట తట్టుకునే మొక్కను ఇంగ్లీషు తోటమాలులు ‘హార్డీ’ అంటారు. కాస్త చల్లదనాన్ని ఓర్చుకున్నా, గడ్డకట్టే చలి రాగానే లోపలికి తెచ్చుకోవాల్సిన మొక్క వాళ్లకు ‘హాఫ్ హార్డీ’.