పగుళ్ళ సిమ్యులేషన్: అపోహలు - వాస్తవాలు

పగుళ్ళున్న భాగాలను ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, అంటే ఎలిమెంట్లనే చిన్న ముక్కల వలగా (మెష్‌గా) విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతిలో, విశ్లేషించడం నా వృత్తి. సమీక్ష కోసం నా దగ్గరకు వచ్చే నివేదికల్లో కంప్యూటర్ లెక్క తప్పడం అరుదు. ఆ లెక్కతో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తెలియకపోవడమే తరచుగా కనిపిస్తుంది.

అపోహ: పగులు కొన వద్ద మెష్‌ను ఎంత సన్నగా చేస్తే అక్కడి స్ట్రెస్ (పదార్థం లోపల యూనిట్ వైశాల్యం మీద పడే బలం) విలువ అంత కచ్చితంగా తేలుతుంది.

వాస్తవం: పదార్థం బలానికి అనుపాతంలో సాగుతుందని భావించే లీనియర్ ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారం పగులు కొనకు దగ్గరయ్యే కొద్దీ స్ట్రెస్, దూరపు వర్గమూలానికి విలోమానుపాతంలో పెరుగుతూ పోతుంది కనుక, సరిగ్గా కొన వద్ద దానికి పరిమితమైన విలువంటూ ఉండదు. ఎలిమెంట్ పరిమాణాన్ని సగానికి తగ్గించిన ప్రతిసారీ గరిష్ఠ స్ట్రెస్ సుమారు 1.4 రెట్లు అవుతుంది, ఎన్నిసార్లు తగ్గించినా అది ఒకచోట స్థిరపడదు. ఆ సంఖ్య మెష్‌ను గురించి చెబుతుందే తప్ప లోహాన్ని గురించి చెప్పదు. సన్నని మెష్ చూసి భాగం విఫలమవుతుందని రాయడం ఎంత నిరాధారమో, ముతక మెష్ చూసి సురక్షితమని రాయడమూ అంతే నిరాధారం. ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం రెండోదే.

అడగవలసిన ప్రశ్నను ఇంజనీరు గ్రిఫిత్ 1921లోనే గాజు మీద చేసిన ప్రయోగాలతో చూపాడు: పగులు కాస్త ముందుకు సాగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలాలు ఏర్పడడానికి కావలసిన శక్తికి సరిపోతుందా? 1957లో ఇర్విన్ దీనిని, కొన చుట్టూ స్ట్రెస్ ఎంత తీవ్రంగా ఉందో ఒకే సంఖ్యలో చెప్పే స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్‌తో ముడిపెట్టాడు. పగులు సాగితే విడుదలయ్యే శక్తిని కొలిచే జె-ఇంటిగ్రల్‌ను 1968లో రైస్ ప్రతిపాదించాడు; దాన్ని కొన చుట్టూ దూరంగా గీసిన వలయం మీద కూడా లెక్కించవచ్చు కాబట్టి, కొన వద్ద ఉండే సంఖ్యాపరమైన లోపం ఫలితాన్ని పెద్దగా చెడగొట్టదు. కొనను తాకే మొదటి వలయాన్ని వదిలేసి, మిగతా వలయాల విలువలు దాదాపు ఒకటిగా వస్తున్నాయో లేదో నేను ముందుగా చూస్తాను. క్వాడ్రాటిక్ ఎలిమెంట్లలో అంచు మధ్యన కూడా ఒక నోడ్ (విలువలను లెక్కించే బిందువు) ఉంటుంది; దాన్ని కొన నుంచి అంచు పొడవులో పావు దూరానికి జరిపితే చాలు, వర్గమూలపు ధోరణి తనంతట తానే ఏర్పడుతుంది. 1970ల మధ్యలో వెలువడిన ఈ ఉపాయం అంత సులువైనదీ అంత అందమైనదీ మా రంగంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: ఎక్స్‌ఎఫ్‌ఈఎమ్ (ఎక్స్‌టెండెడ్ ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి) వాడితే మెష్ గురించి ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: 1999లో బెలిచ్‌కో, బ్లాక్ ప్రారంభించిన ఈ మార్గం, మెష్ గీతలు పగులు వెంటే సాగాలన్న నిర్బంధాన్ని తొలగించింది. కొన పరిసరాల్లో సన్నని మెష్ అవసరాన్ని మాత్రం తొలగించలేదు.

అపోహ: తట్టుకునే పరిమితి దాటిన ఎలిమెంట్లను తొలగించుకుంటూ పోతే పగులు దారి దానంతట అదే సరిగ్గా వస్తుంది.

వాస్తవం: పదార్థం బలహీనపడే దశలో వికృతి (సాగుదల) అంతా ఒకే వరుస ఎలిమెంట్లలో పోగుపడుతుంది. ఎలిమెంట్లు చిన్నవయ్యే కొద్దీ ఆ వరుస ఘనపరిమాణం తగ్గి, పగలడానికి పట్టే శక్తి సున్నా వైపు జారిపోతుంది. అంటే మెష్‌ను మెరుగుపరిచే కొద్దీ జవాబు మరింత తప్పుతుంది. కాంక్రీటు విషయంలో హిల్లర్‌బోర్గ్ బృందం 1976లో పగులు వైశాల్యానికి ఇంత శక్తి అని నిర్ణయించి, బజాంట్, ఓహ్ 1983లో బలహీనపడే వాలును ఎలిమెంట్ వెడల్పుకు తగ్గట్టు సవరించి ఈ చిక్కును ఎదుర్కొన్నారు. పగులును పదునైన గీతగా కాక కొంత వెడల్పున్న పట్టీగా చూపే ఫేజ్-ఫీల్డ్ పద్ధతిలోనూ, ఆ వెడల్పును నిర్ణయించే పొడవు పరామితి కంటే ఎలిమెంట్లు తగినంత చిన్నవిగా లేకపోతే పగలడానికి పట్టే శక్తి లెక్క తప్పుతుంది.

అపోహ: తనిఖీలో పగులు కనబడలేదు కాబట్టి ఈ విశ్లేషణ అనవసరం.

వాస్తవం: ప్రతి తనిఖీ పద్ధతికీ ఒక హద్దు ఉంటుంది, పోత పోసిన లోహంలోని రంధ్రాలు, వెల్డింగ్‌లో సరిగ్గా కలవని చోట్లు ఆ హద్దుకు దిగువన దాగి ఉండవచ్చు. అందుకే తనిఖీకి చిక్కకుండా మిగిలిపోగల అతిపెద్ద లోపం అక్కడ ఉన్నట్టే భావించి లెక్క మొదలుపెడతాం. భారం పదేపదే పడుతున్నప్పుడు పగులు పెరిగే వేగాన్ని స్ట్రెస్ ఇంటెన్సిటీతో ముడిపెట్టేది పారిస్ సూత్రం; అనేక లోహాలకు అందులోని ఘాతం సుమారు 3 ఉంటుంది కనుక, స్ట్రెస్ ఇంటెన్సిటీలో 10 శాతం పొరపాటు పగులు పెరిగే వేగంలో దాదాపు 33 శాతం అవుతుంది. పగులు చిన్నగా ఉన్నప్పుడే జీవితకాలంలో ఎక్కువ భాగం గడుస్తుంది కాబట్టి, నివేదికలో ఒకే సంఖ్య ఇవ్వకుండా, తొలి లోపం పరిమాణాన్ని మార్చి మార్చి చేసిన లెక్కలన్నిటినీ చూపమని నేను పట్టుబడతాను.